'ఇసొటేస్': కొత్త నిబంధనలో సమానతను తెలిపే పదము – దాని పుట్టుక, అర్థము

ప్రస్తావన

ఒక గ్రామ సంఘమును ఊహించుకుందాము. తుఫాను వెలిసిన తరువాత ఆ సంఘానికి సహాయముగా ఇరవై బస్తాల బియ్యము వచ్చాయి. సంఘములో ఇరవై కుటుంబాలున్నాయి. కాపరి ఇంటికొక బస్తా చొప్పున పంచాడు. లెక్క సరిపోయింది. ఎవరికీ ఎక్కువ రాలేదు, ఎవరికీ తక్కువ కాలేదు. అయితే ఆ ఇళ్లలో ఒకచోట ఒంటరి విధవరాలు ఉన్నది, మరొకచోట తొమ్మిదిమంది ఉన్నారు. ఒకరి పొలము మునగనే లేదు, మరొకరికి ఇంటి గోడ కూడా మిగలలేదు. కాపరి సమానముగా పంచినట్టా, పంచనట్టా?

పంచాడని వాదించవచ్చు, పంచలేదనీ వాదించవచ్చు. రెండు వాదాలూ 'సమానము' అనే ఒకే మాటను పట్టుకొని నిలుస్తాయి. అందుచేత ఆ మాట వెనుక ఉన్న లేఖనార్థమును తెలుసుకొనడము పదాల మీద సరదా ఉన్నవారికి మాత్రమే పరిమితమైన పని కాదు. సంఘములో పంచవలసినవాడికి, తీర్పు చెప్పవలసినవాడికి, బల్ల దగ్గర నిలబడవలసినవాడికి అది నిత్యావసరము.

కొత్త నిబంధన మూలభాషలో సమానతను తెలిపే నామవాచకము 'ఇసొటేస్'. ఇది మూడుసార్లు మాత్రమే కనబడుతుంది. రెండుసార్లు 2 కొరింథీ 8:13-14లో, ఒకసారి కొలస్సీ 4:1లో. మొదటి సందర్భములో విషయము డబ్బు. రెండవ సందర్భములో విషయము దాసులు. సమానతను గూర్చి మాట్లాడటము అన్నిటికంటె కష్టమైన రెండు చోట్లనే పౌలు ఈ మాటను వాడటము గమనించదగినది. ఈ వ్యాసములో మేము ఈ పదము పుట్టుకను, దానికి హెబ్రీ లేఖనాలలో ఉన్న నేపథ్యమును, పౌలు వాడుకను, దానికి వ్యతిరేకపదమును వరుసగా పరిశీలించి, మన సంఘాలకు దాని నుండి వచ్చే ప్రశ్నలను పాఠకుల ముందుంచుతాము.

1. గ్రీకు భాషలో పదము పుట్టుక

'ఇసొటేస్' అనే నామవాచకము 'ఇసొస్' అనే విశేషణము నుండి వచ్చింది. 'ఇసొస్' అనగా సమానమైన, సరియైన అని అర్థము. చివరనున్న '-టేస్' మన భాషలో '-త', '-త్వము' చేసే పనిని చేస్తుంది. పాఠశాలలో సైన్సు చదివిన ప్రతివారికీ ఈ మాట తెలియకుండానే తెలుసు. ఐసోటోపు, ఐసోబారు అనే మాటల్లోని మొదటి భాగము ఇదే.

ప్రాచీన గ్రీకు మాండలికాలలో ఈ విశేషణము 'వ' ధ్వనితో మొదలయ్యేది. క్రేతు ద్వీపపు శాసనాలలో 'విస్వొస్' అనే రూపము కనబడుతుంది. ఈ రూపమునకు, రెండు వైపులా అనే అర్థమిచ్చే సంస్కృతములోని 'విషు' అనే మాటకు చుట్టరికము ఉండవచ్చునని కొందరు భాషాశాస్త్రజ్ఞులు సూచించారు. పగలు, రాత్రి సమానముగా ఉండే దినమును మనము విషువత్తు అంటాము. ఆ సూచనను అందరూ అంగీకరించలేదు గాని, త్రాసు రెండు తట్టలు ఒకే ఎత్తున నిలిచే బొమ్మ ఈ పదమును అర్థము చేసుకొనడానికి సహాయపడుతుంది.

హోమరు కావ్యాలలో ఈ విశేషణము విందుతోనూ, కొల్లసొమ్ము పంపకముతోనూ కలిసి వస్తుంది. అనగా ఆదినుండీ ఇది నలుగురి మధ్య ఒక వస్తువును పంచవలసి వచ్చినప్పుడు అవసరమైన మాట. క్రీ.పూ. 508 ప్రాంతములో ఏథెన్సులో క్లైస్తెనేసు చేసిన సంస్కరణల కాలము నుండి ఇది రాజకీయ పదముగా స్థిరపడింది. చట్టము ముందు సమానతను 'ఇసొనొమియా' అన్నారు. సభలో మాట్లాడే సమాన హక్కును 'ఇసెగొరియా' అన్నారు. అయితే ఆ సమానత పౌరులైన పురుషుల మధ్యనే. స్త్రీలకు, పరదేశులకు, దాసులకు దానిలో చోటు లేదు.

తత్వవేత్తలు ఈ పదమును మరింత లోతుగా విచారించారు. అరిస్టాటిలు తన నీతిశాస్త్ర గ్రంథములోని ఐదవ భాగములో న్యాయమును సమానతగానే వివరించాడు. కాని సమానత రెండు విధాలని చెప్పాడు. మొదటిది అంకెల సమానత, అనగా ప్రతివానికీ అంతే. రెండవది నిష్పత్తి సమానత, అనగా ప్రతివానికీ అతని యోగ్యతకు తగినంత. యోగ్యతను ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గరే చిక్కు వస్తుంది. పుట్టుకను బట్టి యోగ్యతను నిర్ణయిస్తే, నిష్పత్తి సమానత అనేది అసమానతకు వేసిన అందమైన ముసుగు అవుతుంది. దాసుడు దాసుడుగా ఉన్నంతవరకు అతనితో స్నేహముగాని న్యాయముగాని పొసగదని అదే గ్రంథము చెబుతుంది. ఎందుకంటే అతడు ప్రాణమున్న పనిముట్టు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. కొలస్సీ పత్రిక దగ్గరకు వచ్చినప్పుడు ఇది మనకు అవసరమవుతుంది.

పౌలుకు సమకాలికుడైన అలెగ్జాండ్రియా యూదు పండితుడు ఫిలో ఈ పదమును ఎంతో గౌరవించాడు. దైవసంగతులకు వారసుడెవడు అనే తన గ్రంథములో సమానతను గూర్చి సుదీర్ఘముగా వ్రాస్తూ, దానిని న్యాయమునకు తల్లిగా వర్ణించాడు. దేవుడు సృష్టిలో పగటిని, రాత్రిని, కాలాలను సమానముగా విభజించాడని చెబుతూ, అదే చర్చలో మన్నా సంగతిని కూడా ఎత్తాడు. ఎస్సెనీయులు సమానతకు విరుద్ధమని దాసులను ఉంచుకొనలేదని మరొక గ్రంథములో ప్రశంసించాడు. పంపకము, మన్నా, దాసత్వము అనే మూడూ ఈ పదముతో కలిసి రావడము పౌలు కాలపు యూదుల ఆలోచనలో కొత్తేమీ కాదని దీనివలన తెలుస్తుంది.

2. హెబ్రీ లేఖనాల నేపథ్యము

హెబ్రీ భాషలో సమానముగా ఉండు, చదునుగా ఉండు అనే అర్థమిచ్చే ధాతువు 'షావా'. యెషయా 40:25లో, 46:5లో దేవుడు తనను ఎవరితో సమానము చేస్తారని అడిగే సందర్భములో ఈ ధాతువే ఉన్నది. అక్కడ జవాబు ఎవరితోనూ కాదు అని. సృష్టికర్తకు సమానముగా దేనినీ నిలబెట్టరాదు. ఇది సమానతకు లేఖనము గీసిన మొదటి గీత. ఆ గీతకు ఇవతల నిలిచే సృష్టి అంతా, మనుష్యులందరూ ఒకే వైపున ఉంటారు. రాజు ఆ గీత దాటి దేవుని పక్కన నిలబడలేడు గనుక, బానిస కంటె ఎత్తున కూడా నిలబడలేడు.

అయితే పాత నిబంధన సమానతను ఒక భావముగా చర్చించదు. ధర్మశాస్త్రములో చట్టముగాను, బజారులో తూనికరాయిగాను చూపిస్తుంది. స్వదేశికిని పరదేశికిని ఒకే చట్టము ఉండాలి (నిర్గమ 12:49, లేవీ 24:22). సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి రెండు రకాల తూనికరాళ్లు ఉండరాదు (ద్వితీ 25:13-15). ప్రాణ ప్రాయశ్చిత్తముగా ఇచ్చే అర తులములో ధనవంతుడు ఎక్కువ ఇవ్వరాదు, బీదవాడు తక్కువ ఇవ్వరాదు (నిర్గమ 30:15). బెసోరు వాగు దగ్గర అలసిపోయి సామాను కాచినవారికి, యుద్ధానికి వెళ్లినవారితో సమానముగా పాలు ఇవ్వాలని దావీదు కట్టడ చేశాడు (1 సమూ 30:24-25).

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. ధర్మశాస్త్రము అన్నిచోట్లా ఒకే లెక్క వాడదు. ప్రాయశ్చిత్త ధనములో అంకె సమానము, ఎందుకంటే దేవుని యెదుట ప్రాణానికి ప్రాణము సమానము. పరిగె విషయములో మాత్రము బీదవానికి, పరదేశికి ప్రత్యేకమైన భాగము వదలాలి (లేవీ 19:9-10). లెక్క మారుతుంది గాని ఉద్దేశము మారదు. ఎవరి ప్రాణము, ఎవరి బ్రతుకు తక్కువగా ఎంచబడకూడదన్నదే ఆ ఉద్దేశము.

3. కొత్త నిబంధనలో 'ఇసొస్' కుటుంబము

నామవాచకమును చూసే ముందు విశేషణమును చూడాలి. 'ఇసొస్' కొత్త నిబంధనలో ఎనిమిదిసార్లు వస్తుంది. మార్కు 14:56, 59లో సాక్ష్యములు ఒకదానితో ఒకటి సరిపడలేదనే చోట ఇదే మాట. లూకా 6:34లో ఇచ్చినంత తిరిగి పుచ్చుకొనే అప్పు విషయములో ఇదే మాట. ప్రకటన 21:16లో పరిశుద్ధ పట్టణపు పొడవు, వెడల్పు, ఎత్తు సమానమని చెప్పేటప్పుడు ఇదే మాట.

మిగిలిన నాలుగు చోట్ల ఈ మాట చుట్టూ వివాదము ఉన్నది. మత్తయి 20:12లో ప్రొద్దుననుండి పనిచేసిన కూలివారు, సాయంకాలము వచ్చినవారిని తమతో సమానము చేశాడని యజమానునిపై సణిగారు. వారి కూలి ఒక్క పైసా తగ్గలేదు. తమకంటె తక్కువవారు తమకు సాటి కావడమే వారికి నష్టముగా తోచింది. అపొ. కార్యములు 11:17లో అన్యజనులకు దేవుడు సమానమైన వరమును ఇచ్చాడని పేతురు యెరూషలేములో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. యోహాను 5:18లో యేసు తన్ను దేవునితో సమానునిగా చేసుకొన్నాడన్నది ఆయనపై మోపబడిన నేరము. ఫిలిప్పీ 2:6లో క్రీస్తు దేవునితో సమానముగా ఉండుటను పట్టుకొని వ్రేలాడక దిగివచ్చాడని చెప్పబడింది.

ఈ కుటుంబములో సమాసాలు కూడా ఉన్నాయి. పునరుత్థానములో దేవదూతలతో సమానులు (లూకా 20:36), పౌలుతో సమానమైన మనస్సు గల తిమోతి (ఫిలిప్పీ 2:20) అనే చోట్ల ఇవి కనబడతాయి. 2 పేతురు 1:1లోని 'ఇసొటిమొస్' అనే మాటకు సమాన గౌరవము గల అని అర్థము. తరువాత వచ్చిన విశ్వాసి విశ్వాసము అపొస్తలుని విశ్వాసము కంటె తక్కువ ఖరీదైనది కాదని ఆ పత్రిక మొదటి మాటలోనే చెబుతున్నది.

4. కొరింథీ సంఘము: డబ్బు విషయములో సమానత

యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు అన్యజన సంఘాలనుండి పౌలు చందా పోగుచేశాడు. కొరింథీ సంఘము మొదట ఉత్సాహపడి తరువాత మందగించింది. వారిని తిరిగి లేపడానికి వ్రాసిన అధ్యాయాలే 2 కొరింథీ 8, 9. అక్కడ ఆయన వాదన మూడు మెట్లుగా నడుస్తుంది.

మొదటి మెట్టు క్రీస్తు కృప. ధనవంతుడైన ఆయన మన నిమిత్తము దరిద్రుడయ్యాడు (8:9). సమానత అనే మాటకు ముందు ఈ మాట రావడము యాదృచ్ఛికము కాదు. ఫిలిప్పీ 2:6లో దేవునితో సమానత గలవాడు దిగివచ్చినట్లే, ఇక్కడ ఐశ్వర్యము గలవాడు దిగివచ్చాడు. లోకములో సమానత సాధారణముగా క్రింద ఉన్నవాడు అడిగేది. సువార్తలో అది పైన ఉన్నవాడు మొదలుపెట్టేది.

రెండవ మెట్టు ఇచ్చే కొలత. కలిగినదానిని బట్టి ఇవ్వాలి గాని లేనిదానిని బట్టి కాదు (8:12). కనుక ప్రతివాడూ ఒకే మొత్తము ఇవ్వాలని పౌలు కోరలేదు. ఇచ్చేటప్పుడు కొలత ఎవరి శక్తి వారిది.

మూడవ మెట్టు సమానత. ఇక్కడ గ్రీకు వాక్యనిర్మాణము గమనించదగినది. 13వ వచనములో 'ఎక్స్ ఇసొటేటొస్', అనగా సమానతలో నుండి, సమానత ఆధారముగా అన్నాడు. 14వ వచనములో సమానత కలుగు నిమిత్తము అన్నాడు. మొదటిచోట సమానత బయలుదేరే స్థలము, రెండవచోట అది చేరవలసిన గమ్యము. క్రీస్తునందు యూదుడును అన్యుడును ఇదివరకే సమానులు గనుక, వారి అన్నపు పళ్లెములు కూడా ఆ సత్యానికి తగినట్లు ఉండాలి. యెరూషలేమువారు ఎల్లకాలము చేయి చాచేవారు కాదు, కొరింథీయులు ఎల్లకాలము చేయి పైనుంచేవారు కాదు. ఇప్పుడు వీరి సమృద్ధి వారి కొరతకు, మరొకప్పుడు వారి సమృద్ధి వీరి కొరతకు. రోమా 15:27లో పౌలు దీనిని ఋణముగా వర్ణించాడు. ఆత్మసంబంధమైన విషయాలలో అన్యజనులు యెరూషలేముకు ఋణపడి ఉన్నారు.

ఆ వెంటనే ఆయన మన్నాను జ్ఞాపకము చేశాడు (నిర్గమ 16:18). అక్కడి కొలత తలకు ఒక ఓమెరు, గుడారములోనివారి లెక్క చొప్పున (నిర్గమ 16:16). గుడారానికి ఒక ఓమెరు కాదు. ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగలలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి చాలకపోలేదు. దాచుకొన్నది పురుగు పట్టింది (16:20). ఈ వ్యాసము మొదట మనము ఊహించిన కాపరి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. అతడు బస్తాలను సమానము చేశాడు గాని మనుష్యులను సమానము చేయలేదు. మన్నా లెక్క ప్రకారము చూడవలసినది చేతిలో పెట్టినది ఎంత అని కాదు, పెట్టిన తరువాత ఎవరి కడుపైనా ఖాళీగా మిగిలిందా అని.

అరిస్టాటిలు చెప్పిన రెండు సమానతలతో దీనిని పోల్చితే పౌలు చేసిన మార్పు కనబడుతుంది. ఇది కేవలము అంకెల సమానత కాదు. యోగ్యతను బట్టి పంచే సమానత కూడా కాదు. ఇది అవసరమును బట్టి పంచే సమానత. యోగ్యత అనే తూనికరాయి స్థానములో అక్కర అనే తూనికరాయి వచ్చింది.

5. కొలస్సీ సంఘము: దాసుల విషయములో సమానత

కొలస్సీ 4:1లో యజమానులు తమ దాసులకు న్యాయమును 'ఇసొటేస్'ను ఇవ్వాలని ఆజ్ఞ ఉన్నది. కొలస్సీ పత్రిక కర్తృత్వమును గూర్చి పండితుల మధ్య చర్చ ఉన్నప్పటికీ, వచనపు పాఠము విషయములో సందేహము లేదు. మన వాడుకలోని తెలుగు అనువాదము ఇక్కడ 'ధర్మానుసారమైనది' అన్నది. 1611లో వెలువడిన ఆంగ్ల అనువాదము సమానమైనది అనే అర్థమిచ్చే మాటనే ఉంచింది. తరువాతి ఆంగ్ల అనువాదాలలో కొన్ని నిష్పక్షపాతమైనది అనే అర్థానికి మళ్లాయి. రెండు అర్థాలూ భాషాపరముగా సాధ్యమే. కాని 'ధర్మానుసారము' అనే మాట విన్న తెలుగు పాఠకుడు ఏ వర్ణానికి, ఏ స్థానానికి తగిన ధర్మము ఆ స్థానానికి అని అర్థము చేసుకొనే ప్రమాదమున్నది. మూలములోని మాట అటువైపు వెళ్లదు. బోధకులు ఈ వచనమును బోధించేటప్పుడు అందులో సమానత అనే మాట ఉన్నదని చెప్పడము మేలు.

ఈ ఆజ్ఞ ఎంత కొత్తదో పైన చెప్పిన అరిస్టాటిలు మాటను జ్ఞాపకము చేసుకుంటే తెలుస్తుంది. ప్రాణమున్న పనిముట్టుకు న్యాయము పొసగదని ఆయన అన్నాడు. ఇక్కడ ఆ పనిముట్టుకే న్యాయము, సమానత బాకీ ఉన్నదని యజమానునికి చెప్పబడింది. కారణము కూడా చెప్పబడింది. పరలోకములో యజమానునికీ ఒక యజమానుడు ఉన్నాడు. ఆ యజమానుని దృష్టిలో ఇద్దరూ దాసులే.

ఈ పత్రికను తెచ్చినవారెవరో కూడా చూడాలి. తుకికుతో కూడ ఒనేసిము వచ్చాడు (4:7-9). ఫిలేమోను పత్రికలో దాసుడుగా మనకు పరిచయమైన ఆ ఒనేసిమును ఇక్కడ నమ్మకమైన ప్రియ సహోదరుడని, మీలో ఒకడని పరిచయము చేశారు. కొలస్సీ సంఘములో ఈ వచనము బిగ్గరగా చదవబడినప్పుడు ఆ దాసుడు వారి మధ్యనే ఉన్నాడన్నమాట. సమానతను గూర్చిన బోధను వారు ఒక మనిషి సమక్షములో విన్నారు.

ఈ ఆజ్ఞ దాసత్వ వ్యవస్థను ఆ రోజున రద్దు చేయలేదన్నది నిజము. సంఘము దీని పూర్తి భావమును గ్రహించడానికి చాలా కాలము పట్టింది. 4వ శతాబ్దములో నిస్సా గ్రెగోరీ ప్రసంగి గ్రంథముపై చేసిన నాలుగవ ప్రసంగములో, దేవుని స్వరూపములో ఉన్నవానికి వెల కట్టగలవాడెవడని మనిషిని కొనే హక్కునే ప్రశ్నించాడు. ఆయన తరువాత కూడా శతాబ్దాల తరబడి క్రైస్తవులు దాసులను కలిగియున్నారు. పదము లేఖనములో ఉన్నంత మాత్రాన దాని అర్థము బ్రతుకులోనికి రాదని ఈ చరిత్ర మనకు గద్దింపుగా నిలుస్తున్నది.

6. వ్యతిరేకపదము: మొగమును చూడటము

ఒక పదమును దాని వ్యతిరేకపదము ద్వారా కూడా గ్రహించవచ్చు. కొలస్సీ 4:1కి సరిగ్గా ముందు, 3:25లో, దేవుని యొద్ద పక్షపాతము లేదని ఉన్నది. ఎఫెసీ 6:9లోనూ యజమానులకు ఇదే హెచ్చరిక. గ్రీకులో ఈ మాట 'ప్రొసోపొలేంప్సియా'. 'ప్రొసోపొన్' అనగా మొగము. 'లేంప్సియా' పుచ్చుకొను అనే క్రియ నుండి వచ్చింది. మొగమును పుచ్చుకొనడము అని అక్షరార్థము. ఇది ప్రాచీన గ్రీకు సాహిత్యములోని మాట కాదు. 'నాసా పానీమ్', అనగా మొగమును పైకెత్తు, అనే హెబ్రీ నుడికారమును సెప్టువజింటు అనువాదకులు గ్రీకులోనికి తెచ్చారు (లేవీ 19:15). దాని నుండి ఈ సమాసము ఏర్పడింది. సాష్టాంగపడినవాని మొగమును రాజు పైకెత్తితే అతనికి దయ దొరికినట్లు. న్యాయాధిపతి అలా మొగములు ఎత్తకూడదు. బీదవాడని ఎత్తకూడదు, గొప్పవాడనీ ఎత్తకూడదు.

తెలుగులో ఈ భావానికి 'పక్షపాతము' వాడుతున్నాము. అది ఒక పక్కకు వాలడము. త్రాసు బొమ్మకు సరిపోతుంది గాని మొగము అనే బొమ్మ అందులో పోయింది. అయితే యాకోబు 2:1లో మన తెలుగు అనువాదకులు 'మోమాటము' అనే మాటను వాడారు. ఇది మొగమాటము, మొగమోటము అనే రూపాలలో కూడా ఉన్నది. మొగము, ఓటు అనే రెండు మాటలు ఇందులో ఉన్నాయని చెబుతారు. ఎదుటివాని మొగము చూచి ఓడిపోవడమన్నమాట. నేడు మనము మొగమాటమును మంచి గుణముగా, సిగ్గరితనముగా వాడుతున్నాము గనుక యాకోబు గద్దింపు మనకు మెత్తగా వినబడుతుంది. నిజానికి అనువాదకులు హెబ్రీ, గ్రీకు మాటలలోని మొగమును అచ్చ తెలుగులో పట్టుకొన్నారు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవాని మొగము చూచి కుర్చీ, మాసిన బట్టలవాని మొగము చూచి నేల. మన పెద్దలు దీనినే మొగము చూచి బొట్టు పెట్టడము అన్నారు.

మరొక తెలుగు మాట కూడా మనకు ఉపయోగపడుతుంది. భోజనాల వరుసలో ఒకరికి ఒకటి, మరొకరికి ఒకటి వడ్డించడమును పంక్తిభేదము అంటాము. అది ఎంత పెద్ద అవమానమో విందులో ఒకసారి అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. రోమా సమాజములో ఇది మామూలు. ఒక విందులో ఆతిథేయుడు తనకును ముఖ్యులకును ఒక రకము ద్రాక్షారసము, చిన్న స్నేహితులకు మరొక రకము, విడుదల పొందిన దాసులకు ఇంకొక రకము పోయించాడని, తాను మాత్రము అందరికీ ఒకటే వడ్డిస్తానని ప్లినీ ఒక లేఖలో వ్రాశాడు. కొరింథీ సంఘపు ప్రభువు బల్ల దగ్గర జరిగినది కూడా పంక్తిభేదమే (1 కొరింథీ 11:20-22). ఒకడు ఆకలిగొనగా మరొకడు మత్తుడయ్యాడు. పౌలు దానిని మర్యాదలోపముగా చూడలేదు. అది ప్రభువు రాత్రి భోజనమే కాదన్నాడు.

7. తెలుగులో సరియైన మాట ఏది?

'ఇసొటేస్'కు సమానత, సమానత్వము, సమత్వము అనే మాటలను మనము వాడుతున్నాము. వీటి మధ్య కొంత భేదమున్నది. మన దేశపు ఆధ్యాత్మిక సాహిత్యములో 'సమత్వము' ఎక్కువగా మనసు స్థితిని తెలుపుతుంది. లాభము వచ్చినా నష్టము వచ్చినా చలించని నిబ్బరము అది. హెబ్రీలో 'షావా' ధాతువునుండి పుట్టిన 'హిష్తావుత్' అనే మాటను తరువాతి యూదు భక్తులు ఇంచుమించు ఇదే అర్థములో వాడారు. అది గౌరవించదగిన గుణమే. కాని పౌలు వాడిన మాట లోపలి నిబ్బరమును గూర్చినది కాదు. అది ఇద్దరు మనుష్యుల మధ్య ఉండవలసిన సంబంధమును గూర్చినది. పొరుగువాని ఆకలిని నిబ్బరముగా చూడగలగడము 'ఇసొటేస్' కాదు. కాబట్టి 'సమానత' అనే మాటే ఇక్కడ మేలైనదని మా అభిప్రాయము.

అచ్చ తెలుగులో 'సాటి' అనే మాటను కూడా తలచుకోవాలి. సాటి లేనిది అన్నప్పుడు అది సమానతను తెలుపుతుంది. సాటి మనిషి అన్నప్పుడు తోడివాడిని తెలుపుతుంది. తోడివాడు, సమానుడు అనే రెండు అర్థాలనూ ఒకే మాటలో దాచుకొన్న భాష మనది. ఒనేసిము ఫిలేమోనుకు దాసుడుగా వెళ్లి సాటి మనిషిగా తిరిగి వచ్చాడని చెబితే, గ్రీకు రాని గ్రామ విశ్వాసికి కూడా ఈ పదపు భావము అందుతుంది.

8. మన సంఘాలకు

తెలుగు సంఘ చరిత్రలో ఈ పదము పరీక్షకు వచ్చిన సందర్భము ఒకటి ప్రసిద్ధమైనది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. పై కులాలవారి పిల్లలు ఆయన దగ్గర చదువుకొంటున్న రోజులలో, పల్లెలనుండి మాదిగలు బాప్తిస్మము కోరి వచ్చారు. వీరిని చేర్చుకొంటే మేము రామని పై కులాలవారు చెప్పారు. క్లౌ, ఆయన భార్య వేరువేరుగా ప్రార్థించి, ఇద్దరూ 1 కొరింథీ 1:26 మొదలుకొనియున్న భాగమునే చదివి, వచ్చినవారిని చేర్చుకొన్నారు. పై కులాలవారు వెళ్లిపోయారు. 1878 జూలై 3న, ఘోరమైన కరువు తరువాత, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ దినమున మొగము చూడని సంఘము ఈ దినమున కూడా మొగము చూడకుండా ఉన్నదా? 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 14వ అధికరణములో చట్టము ముందు సమానతను, 17వ అధికరణములో అంటరానితన నిషేధమును స్థిరపరచింది. మాల, మాదిగ అనే భేదము, వారికీ ఇతర కులాల విశ్వాసులకూ మధ్యనున్న భేదము మన సంఘాలనుండి ఇంకా పూర్తిగా పోలేదన్నది కాపరులందరికీ తెలుసు. వివాహపు మాటలు వచ్చినప్పుడు, సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు, సమాధి స్థలమును గూర్చి తగవు వచ్చినప్పుడు అది బయటపడుతుంది. దేశపు చట్టము నిషేధించినదానిని సంఘము మొగమాటముతో భరించడము తగునా?

ఈ అధ్యయనము వెలుగులో మూడు పరిశీలనలను కాపరుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు ఉంచుతున్నాము. మొదటిది, పంచేటప్పుడు ఇంటి లెక్క కాక తల లెక్కను, అక్కర లెక్కను చూద్దాము. పట్టణ సంఘపు కాపరికి నెల తిరిగేసరికి జీతము అందుతూ, అదే సహవాసములోని పల్లె కాపరి కానుకల సంచి బరువును బట్టి బ్రతకవలసి వస్తే, 2 కొరింథీ 8వ అధ్యాయమును విశ్వాసులకు బోధించే ముందు మనము మన సహవాసపు ఖాతా పుస్తకానికి బోధించాలి. రెండవది, మన ఇంట పనిచేసేవారికి మనము ఇచ్చే కూలి, వారు త్రాగే గ్లాసు, వారు కూర్చొనే చోటు కొలస్సీ 4:1 పరిధిలోనివే. మూడవది, ప్రభువు బల్ల దగ్గర వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న అలవాటు ఎక్కడనుండి వచ్చిందో మనల్ని మనము అడుగుదాము.

ముగింపు

'ఇసొటేస్' పంపకములో పుట్టిన మాట. గ్రీకులు దానిని పౌరుల మధ్య ఉంచారు. తత్వవేత్తలు దానిని యోగ్యతతో తూచారు. పౌలు దానిని క్రీస్తు కృపలో పాతి, అక్కరలో ఉన్నవాని దగ్గరకు, దాసుని దగ్గరకు తీసుకొనిపోయాడు. అతనికి అది అందరూ ఒకేలాగ ఉండాలన్న నియమము కాదు. ఎవరూ తక్కువ కాకూడదన్న బాధ్యత.

ఆ ఇరవై బస్తాల కాపరి దుష్టుడు కాడు. సమస్య రాకుండా ఉండాలని లెక్క సరిచేశాడు. మనలో చాలామందిమి అదే చేస్తాము. అయితే అందరికీ ఒకే బస్తా ఇవ్వడానికి ఎవరి ఇంటిలోనికీ తొంగి చూడనక్కరలేదు. ఎవరికి ఎంత అక్కరో తెలుసుకొనడానికి మాత్రము ప్రతి ఇంటి గడప తొక్కాలి. తొమ్మిదిమంది ఉన్న ఇంటిలో ఆ రాత్రి ఎంతమంది తిన్నారో తెలిసిన కాపరికి ఈ పదమును వేరుగా వివరించనక్కరలేదు.